'మాత్రమే' రాయని చెక్కు

2005 అక్టోబర్ 4. అమెరికాలోని లాస్ ఏంజిలెస్‌లో సామీ కామ్‌కార్ అనే 19 ఏళ్ల కుర్రాడు మైస్పేస్ వెబ్‌సైట్‌లోని తన సొంత పేజీలో చిన్న ప్రోగ్రాం ఒకటి రాసిపెట్టాడు. ఆ పేజీ చూడ్డానికి వచ్చినవాళ్లంతా తమకు తెలియకుండానే అతని మిత్రుల జాబితాలో చేరిపోయారు. అంతటితో ఆగలేదు. వాళ్ల పేజీల్లో 'నా హీరోలు' అనే చోట చివర్న 'అన్నిటికన్నా ముఖ్యంగా సామీయే నా హీరో' అన్న మాట వచ్చి కూర్చుంది. దాని వెనకే ఆ ప్రోగ్రాం నకలు కూడా చేరింది. ఇక వాళ్ల పేజీ చూసినవాళ్లకూ అదే గతి. సుమారు 20 గంటల్లో బాధితుల సంఖ్య 10 లక్షలు దాటింది. అప్పటికి మూడు నెలల కిందటే రూపర్ట్ మర్డోక్‌కు చెందిన న్యూస్ కార్పొరేషన్ 58 కోట్ల డాలర్లకు బేరం కుదుర్చుకున్న సైట్ అది. ఈ కుర్రాడి బెడద వదిలించుకోవడానికి దాన్ని కాసేపు మూసేయాల్సి వచ్చింది.

వినడానికి నవ్వొచ్చే కథే. పోలీసులకు మాత్రం నవ్వు రాలేదు. కేసు నడిచింది, 2007 జనవరిలో సామీ నేరం ఒప్పుకున్నాడు. మూడేళ్ల ప్రొబేషన్, 90 రోజుల సమాజ సేవ, నష్టపరిహారం, వాటికి తోడు కంప్యూటర్ వాడకంపై ఆంక్షలు. ఆ తర్వాత అతను పేరున్న భద్రతా పరిశోధకుడయ్యాడు. ఈ రంగంలో అది కొత్తేమీ కాదు.

ఇక్కడ పట్టించుకోవాల్సింది సామీని కాదు, ఆ 10 లక్షల మందిని. వాళ్లు చేసిన తప్పేమిటి? ముక్కూమొహం తెలియనివాడు పంపిన లింకు నొక్కలేదు. ఈమెయిల్‌కి అంటించిన ఫైలు తెరవలేదు. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు. తాము రోజూ వాడే సైట్‌లోకి తమ పాస్‌వర్డ్‌తోనే వెళ్లి, తెలిసినవాళ్ల పేజీ చూశారు. అంతే.

సైబర్ నేరాల గురించి మనకు వినిపించే హితబోధంతా మనల్ని ఉద్దేశించిందే. తెలియని లింకులు నొక్కకండి, ఓటీపీ చెప్పకండి, సైట్ చిరునామా సరిచూసుకోండి. ఆ మధ్య కొన్ని నెలలపాటు ఫోన్ కలిసేముందు కూడా ఇదే పాఠం వినాల్సి వచ్చింది. పాఠంలో తప్పులేదు. కానీ ఎంత జాగ్రత్త పడ్డా తప్పించుకోలేని ప్రమాదం ఒకటుంది. దాన్ని ఆపగలిగింది సైట్ కట్టినవాళ్లే. దాని పేరు క్రాస్ సైట్ స్క్రిప్టింగ్, ముద్దుపేరు ఎక్స్‌ఎస్‌ఎస్.

చెక్కులు రాసే అలవాటు ఇప్పుడు తగ్గింది గానీ, రాసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అక్షరాల్లో 'అయిదు వేల రూపాయలు' అని రాసి ఊరుకోం. పక్కనే 'మాత్రమే' అని రాసి, మిగిలిన ఖాళీకి అడ్డంగా గీత కొడతాం. ఎందుకంటే ఖాళీ వదిలితే ఎవడో దానికి ముందో వెనకో ఒక మాట తగిలించవచ్చు. కౌంటర్లో కూర్చున్న గుమాస్తాకి ఏ మాట మీరు రాశారో, ఏది తర్వాత వచ్చి చేరిందో ఎలా తెలుస్తుంది? కింద సంతకం మీదే. కాబట్టి మొత్తం మీ ఆజ్ఞే.

వెబ్ పేజీ కూడా ఖాళీలున్న కాగితమే. 'నమస్కారం, ఫలానా గారూ' అని బ్యాంకు పేజీలో కనిపిస్తుందంటే, ఆ 'ఫలానా' స్థానం ఖాళీగా ఉంచి, ఎప్పుడో ఎవరో టైపు చేసిన పేరు తెచ్చి అక్కడ పడేశారన్నమాట. చిక్కెక్కడంటే, పేజీలో మనం చదువుకునే మాటలూ, బ్రౌజర్ పాటించాల్సిన ఆదేశాలూ ఒకే వరసలో కలగలిసి వస్తాయి. రెంటినీ విడదీసేవి కొద్దిపాటి గుర్తులు. వాటిలో ముఖ్యమైంది లెక్కల్లో 'కన్నా తక్కువ' అని చూపడానికి వాడే కోణం గుర్తు. అది కనిపించగానే బ్రౌజర్ ఇక వచ్చేది చదువుకునే మాట కాదు, పాటించాల్సిన ఆదేశం అనుకుంటుంది. పేరు రాయాల్సిన చోట ఎవడైనా ఆ కోణం గుర్తు పెట్టి, వెనకే నాలుగు లైన్ల స్క్రిప్టు రాశాడనుకోండి. సైట్ దాన్ని అలాగే తెచ్చి ఖాళీలో పెడితే, బ్రౌజర్ దృష్టిలో అది పేరు కాదు, బ్యాంకు ఇచ్చిన ఆజ్ఞ. కాగితం వచ్చింది బ్యాంకు నుంచే కదా!

బ్రౌజర్లో నడిచే ప్రోగ్రాములకు వాడే జావాస్క్రిప్ట్ భాషను 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ 10 రోజుల్లో తయారుచేశాడు. వెంటనే ఒక భయం పుట్టింది. ఒక కిటికీలో తెరిచిన సైట్ పక్క కిటికీలోని మరో సైట్‌ని తొంగిచూస్తే? అందుకే మరుసటేడు ఒక గోడ కట్టారు. ఏ సైట్ నుంచి వచ్చిన స్క్రిప్టు ఆ సైట్ సంగతులే చూడాలి, పక్కింటివి ముట్టుకోకూడదు. ఇంటర్నెట్ భద్రత ఇప్పటికీ ఈ గోడనే నమ్ముకుని ఉంది. ఎక్స్‌ఎస్‌ఎస్ ఆ గోడను పగలగొట్టదు, దూకదు కూడా. ఇంట్లోనే పుడుతుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్లు అన్నది ఇలాంటివాడి గురించే.

2000 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు పెట్టిన ఆ పేరు మాత్రం కాస్త తికమక పెడుతుంది. ఒక సైట్ నుంచి ఇంకో సైట్ మీదికి దాడి అన్నట్టు వినిపిస్తుంది గానీ, అసలు జబ్బు ఎవడో రాసింది సైట్ తన గొంతుతో పలకడం. అమెరికాలోని సెర్ట్ సంస్థ ఆ ఏడాది ఫిబ్రవరి 2న దీనిపై తొలి హెచ్చరిక జారీ చేసింది. అంటే పాతికేళ్లు దాటింది.

లోపలికొచ్చిన స్క్రిప్టు ఏం చేయగలదు? మీరు గుడికెళ్లి చెప్పుల స్టాండులో చెప్పులు వదిలితే టోకెన్ ఇస్తాడు. తిరిగొచ్చినప్పుడు మీ మొహం చూడడు, టోకెన్ చూస్తాడు. మీరు లాగిన్ అయ్యాక సైట్ మీ బ్రౌజర్‌కి ఇచ్చే కుకీ కూడా అలాంటి టోకెనే. ప్రతి పేజీకీ పాస్‌వర్డ్ అడక్కుండా ఆ టోకెన్ చూసి మిమ్మల్ని గుర్తుపడుతుంది. స్క్రిప్టు దాన్ని దొంగిలించి బయటికి పంపితే, ఎక్కడో కూర్చున్నవాడు మీ పేరున లోపల తిరుగుతాడు. పాస్‌వర్డ్ ఎంత కష్టమైనది పెట్టుకున్నా లాభం లేదు, దాన్నెవరూ అడగరు. ఈ దొంగతనం ఆపడానికి 2002లో మైక్రోసాఫ్ట్ తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో స్క్రిప్టుల కంటపడని కుకీలను ప్రవేశపెట్టింది. మంచి పనే. కానీ టోకెన్ మీ జేబులోనే ఉన్నా, దొంగ మీ పక్కనే నిలబడి మీ చేత్తోనే పని చేయించుకోగలిగితే ఏం లాభం? సామీ ఎవరి కుకీలూ ఎత్తుకుపోలేదు. వాళ్ల బ్రౌజర్లతోనే అన్నీ చేయించాడు.

దాడి వచ్చే దారులను నిపుణులు మూడు రకాలుగా చెబుతారు. సామీది సైట్‌లోనే నిల్వ ఉండి వచ్చినవారినల్లా పట్టుకునే రకం. రెండోది అద్దంలో ప్రతిబింబం లాంటిది. మీరు వెతికిన మాటను సైట్ తిరిగి 'ఫలానా దొరకలేదు' అని చూపిస్తుంది కదా, ఆ మాట స్థానంలో స్క్రిప్టు పెట్టిన లింకును ఎవరో మీకు పంపుతారు. మూడోది సర్వర్‌కి తెలియకుండా పూర్తిగా బ్రౌజర్లోనే జరిగిపోతుంది. రెండో రకంలో లింకు నొక్కాల్సిందే, నిజమే. కానీ ఆ లింకులో సైట్ పేరు అసలైనదే ఉంటుంది. 'చిరునామా సరిచూసుకోండి' అన్న పాఠం అప్పజెప్పినవాడు కూడా అందులో బోల్తా పడతాడు.

అలాగని మైస్పేస్ వాళ్లు నిద్రపోలేదు. తమ పేజీలను రంగులతో సింగారించుకోవడానికి సభ్యులకు వెసులుబాటు ఇచ్చారు గనక, ప్రమాదకరమైన మాటల జాబితా తయారుచేసుకుని, అవి కనిపిస్తే తీసేసేవారు. 'జావాస్క్రిప్ట్' అన్న మాటే నిషిద్ధం. సామీ ఆ మాటను మధ్యకు విరిచి, 'జావా' ఒక లైనులో, 'స్క్రిప్ట్' కింది లైనులో రాశాడు. మైస్పేస్ కాపలాదారుకి అది వేరే మాటలా కనిపించింది. కొన్ని బ్రౌజర్లు మాత్రం, పాపం మంచితనం కొద్దీ, రెండు ముక్కలనూ కలిపి చదువుకున్నాయి. పేజీలోని సరుకును చదవడానికి వాడే మరో మాటనూ నిషేధించారు. దాన్ని సగం సగం రాసి మధ్యలో కూడిక గుర్తు పెట్టాడు. కాపలావాడి చేతికి దొంగల ఫొటోలు ఇచ్చి నిలబెడితే, మీసం గొరిగించుకుని వచ్చినవాణ్ని ఎలా పడతాడు? నిషిద్ధ పదాల జాబితా రాసేవాడికి వంద దారులు గుర్తుండాలి. దొంగకు నూట ఒకటోది తెలిస్తే చాలు.

మనవాళ్లకు ఈ అనుభవం ఆర్కుట్ ద్వారా ఎదురైంది. 2004లో గూగుల్ మొదలుపెట్టి 2014 సెప్టెంబర్ 30న మూసేసిన ఆ సైట్‌కి బ్రెజిల్, భారత్ రెండే పెద్ద దిక్కులు. చిన్ననాటి స్నేహితులను వెతికి పట్టుకోవడం, స్క్రాప్‌బుక్‌లో పలకరింపులు రాసుకోవడం ఒక తరానికి వ్యసనం. 2007 డిసెంబర్‌లో చాలామంది స్క్రాప్‌బుక్‌లలోకి పోర్చుగీసు భాషలో కొత్త సంవత్సరం శుభాకాంక్షలు వచ్చాయి. చూస్తే చాలు, మీరు ఓ కమ్యూనిటీలో సభ్యులైపోవడం, మీ మిత్రులందరికీ మీ పేరున అదే స్క్రాప్ వెళ్లిపోవడం. లక్షల మందికి సోకింది. 2010 సెప్టెంబర్ 25న మళ్లీ అదే తంతు. ఈసారి సందేశం 'బోమ్ సబాదో', అంటే 'శుభ శనివారం' అని.

దానికి నాలుగు రోజుల ముందు ట్విట్టర్ వంతు. అక్కడ నొక్కనక్కర కూడా లేదు, మౌస్ బాణం ఆ సందేశం మీదుగా పోతే చాలు. బ్రిటన్ మాజీ ప్రధాని గోర్డన్ బ్రౌన్ భార్య శారా ఖాతా కూడా బలైంది. కొన్ని గంటల్లో సరిదిద్దారు. అయితే ట్విట్టర్ ఇచ్చిన వివరణలో ఒక మాట ఉంది, అది ఈ రంగంలో ఉన్నవారు గోడకు అంటించుకోదగింది. ఆ లోపాన్ని అంతకు ముందు నెలలోనే కనిపెట్టి సరిచేశారట. ఆ తర్వాత సైట్‌కి చేసిన మరో మార్పుతో అది మళ్లీ తిరిగొచ్చిందట.

ఇవన్నీ కుర్రచేష్టలే కదా, ఎవరి డబ్బు పోయింది అంటారా? 2010 ఏప్రిల్‌లో అపాచీ సంస్థకు జరిగింది చూడండి. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో సగానికి పైగా అప్పట్లో ఈ సంస్థ ఉచితంగా ఇచ్చే సర్వర్ సాఫ్ట్‌వేర్ మీదే నడిచేవి. లోపాల గురించి ఎవరైనా ఫిర్యాదు రాసేందుకు అపాచీ ఒక సైట్ నడిపేది. 'ఈ పేజీ తెరుస్తుంటే ఏదో ఇబ్బంది వస్తోంది' అంటూ అందులో ఒక ఫిర్యాదు వచ్చింది. కింద కుదించిన లింకు. నిర్వాహకుల్లో కొందరు నొక్కారు. వాళ్లు అమాయకులేమీ కారు, సర్వర్లు కాపాడడమే వాళ్ల ఉద్యోగం. ఫిర్యాదు వస్తే చూడ్డమూ ఉద్యోగమే. ఆ లింకు వెనక ఎక్స్‌ఎస్‌ఎస్ దాడి ఉంది, వాళ్ల టోకెన్ల కోసం. దుండగులు అదే సమయంలో పాస్‌వర్డులను ఊహించే ప్రయత్నం కూడా చేశారు. రెండిట్లో ఏదో ఒకటి ఫలించి నిర్వాహకుల హోదా వాళ్ల చేతికి చిక్కింది. ఆ హోదాతో లాగిన్ పేజీలో వచ్చే పాస్‌వర్డులన్నీ పోగేశారు. వాటిలో ఒకటి ఆ కంప్యూటర్ మొత్తం మీద పెత్తనం ఇచ్చే ఖాతాకు కూడా పనికొచ్చింది. అపాచీ ఏదీ దాచకుండా జరిగిందంతా ప్రజలకు రాసి చెప్పింది. మన సంస్థలు అనుకరించాల్సిన విషయం ఇదొకటి.

పేజీలో పరాయి స్క్రిప్టు చేరితే నష్టం ఏ స్థాయికి వెళ్తుందో బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కి తెలిసొచ్చింది. 2018 ఆగస్టు, సెప్టెంబర్‌లలో రెండు వారాలపాటు ఆ సంస్థ సైట్‌లో టికెట్లు కొన్నవారు టైపు చేసిన కార్డు వివరాలు, వెనకనున్న అంకెలతో సహా, దొంగలకు కూడా చేరాయి. కారణం, సైట్‌లోని ఒక ఫైలులో చేర్చిన 22 లైన్ల స్క్రిప్టు. ఇక్కడ దొంగ వచ్చిన తలుపు వేరు. సంస్థ కంప్యూటర్లలోకే చొరబడి పెట్టాడు కాబట్టి పండితులు దీన్ని ఎక్స్‌ఎస్‌ఎస్ అనరు. లోపలికొచ్చాక చేసిన పని మాత్రం అదే. పేజీ అసలైనది, చిరునామా అసలైనది, తాళం బొమ్మ కూడా ఉంది. నాలుగు లక్షలకు పైగా వినియోగదారుల సమాచారం ప్రమాదంలో పడింది. బ్రిటన్ సమాచార కమిషనర్ మొదట 18 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా వేస్తామని చెప్పి, చివరికి 2020లో 2 కోట్ల పౌండ్లతో సరిపెట్టారు.

మరి మందేమిటి? విచిత్రమేమిటంటే మందు పాతికేళ్ల కిందే తెలుసు, ఖరీదు కూడా లేదు. చెక్కు మీద రాసే ఆ 'మాత్రమే'. ఎవరో ఇచ్చిన మాటను పేజీలో పెట్టేటప్పుడు కోణం గుర్తును అలాగే పెట్టకుండా, ఆంపర్‌సాండ్‌తో మొదలై సెమికోలన్‌తో ముగిసే చిన్న సంకేతంగా మార్చాలి. అది చూసిన బ్రౌజర్ తెర మీద కోణం గుర్తు బొమ్మ గీస్తుంది, ఆదేశంగా తీసుకోదు. ఇలాగే మరో నాలుగైదు గుర్తులకూ. ఎవరినీ ఏమీ రాయొద్దని అనక్కర్లేదు. దొంగ రాసిన స్క్రిప్టు కూడా తెర మీద పిచ్చిరాతలా కనిపిస్తుంది, ఎవరికీ హాని చేయదు.

కాస్త మెలిక ఉంది. చెక్కు మీద 'మాత్రమే' చాలు, పొలం దస్తావేజులో నాలుగు వైపులా హద్దులు రాయాలి. అలాగే ఒకే పేరు పేజీలో మాటగా వచ్చినప్పుడు ఒక పద్ధతి, లింకు చిరునామాలో ఇరికించినప్పుడు ఇంకో పద్ధతి, స్క్రిప్టు మధ్యలో పెట్టినప్పుడు వేరే పద్ధతి. వేల లైన్ల ప్రోగ్రాంలో ప్రతి ఖాళీ దగ్గరా ప్రోగ్రామర్ దీన్ని గుర్తుపెట్టుకోవాలంటే అయ్యే పని కాదు. వెయ్యింటిలో ఒక్కటి మరిచినా దొంగకు అదే తలుపు. అందుకే ఈ భారం మనిషి జ్ఞాపకం నుంచి పనిముట్టుకి మారింది. 2008లో వచ్చిన జాంగో 1.0, 2010లో వచ్చిన రైల్స్ 3 వంటి సాఫ్ట్‌వేర్ చట్రాలు అడక్కుండానే ఈ పని చేసిపెట్టడం మొదలుపెట్టాయి. ఫేస్‌బుక్ 2013లో విడుదల చేసిన రియాక్ట్ కూడా అంతే. రక్షణ వద్దు, మాటను యథాతథంగా పెట్టాల్సిందే అంటే రియాక్ట్‌లో ఒక ప్రత్యేకమైన పేరు టైపు చేయాలి. దాని మొదటి మాటే 'డేంజరస్‌లీ'! పేరు పెట్టినవాడి చమత్కారానికి జోహార్లు. అయినా పని తొందరలో ఆ మాటను టైపు చేసేవాళ్లు చేస్తూనే ఉన్నారు. సభ్యులకు రంగులు, పెద్దక్షరాలు ఇవ్వక తప్పని సైట్ల కోసం, పనికొచ్చేవి ఉంచి మిగతావి ఏరిపారేసే సాఫ్ట్‌వేర్ ఉంది. బెర్లిన్‌కి చెందిన క్యూర్53 సంస్థ తయారుచేసిన డామ్‌ప్యూరిఫై ఉచితం.

రెండో అంచె కూడా ఉంది. 'నా పేజీలో ఫలానా చోటు నుంచి వచ్చిన స్క్రిప్టులే నడవాలి' అని సైట్ బ్రౌజర్‌కి ముందే చెప్పి ఉంచే కంటెంట్ సెక్యూరిటీ పాలసీ. పెళ్లి మండపం గుమ్మం దగ్గర జాబితా పట్టుకుని నిలబడ్డ మేనమామ లాంటిది. కానీ జాబితా రాసేటప్పుడే 'అందరూ రావచ్చు' అని రాస్తే మేనమామ ఏం చేస్తాడు? 2016లో గూగుల్ పరిశోధకులు లెక్కతీస్తే, స్క్రిప్టులను అడ్డుకోవడానికని రాసుకున్న పాలసీల్లో నూటికి 94కు పైగా పనికిరానివని తేలింది. బ్రౌజర్లే దాడిని పసిగట్టి ఆపాలన్న ఆలోచన కూడా నడిచింది. 2009లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 ఒక వడపోత పెట్టింది. మరుసటేడే ఆ వడపోతనే ఆయుధంగా వాడుకుని, అప్పటిదాకా ఏ లోపమూ లేని సైట్ల మీద దాడి చేయొచ్చని పరిశోధకులు చూపించారు. క్రోమ్ బ్రౌజర్ తన వడపోతను 2019లో తీసేసింది.

ఇంత చరిత్ర ఉన్నా, మన దేశంలో ఎన్నో దరఖాస్తు పేజీలు ఇంకా మైస్పేస్ కాలంలోనే ఉన్నాయి. మన పేర్లలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పక్కన చుక్కతో వస్తుంది. ఆ చుక్క పెడితే 'ప్రత్యేక అక్షరాలు అనుమతించబడవు' అని ఎర్రక్షరాలు మొహాన కొడతాయి. చుక్క తీసేస్తే ఒక సర్టిఫికెట్‌లో ఒక పేరు, ఇంకోదాంట్లో ఇంకో పేరు. తర్వాత నోటరీ అఫిడవిట్ కోసం తిరగాలి. కొన్ని చోట్ల తెలుగులో రాస్తే, 'వెబ్' తర్వాత 'సైట్'ని విడిగా నిలబెట్టే కంటికి కనిపించని అక్షరాన్ని అనుమానించి తీసేస్తారు. 'బ్', 'సై' కలిసిపోయి వింత ఒత్తు పుడుతుంది. ఇదంతా భద్రత పేరిటే. దొంగ ఆగలేదు, పేరున్న మనిషి ఆగాడు.

2018 ఫిబ్రవరిలో మన అక్షరానికే ప్రపంచ ఖ్యాతి వచ్చింది. అది ఎక్స్‌ఎస్‌ఎస్ కాదు గానీ దానికి దగ్గరి చుట్టం. తెలుగు 'జ్ఞా' తెర మీద కనిపించగానే ఐఫోన్‌లోని యాప్‌లు కుప్పకూలేవి. అల్లరి మూకలు కావాలని దాన్ని అందరికీ పంపాయి. ఆపిల్ సంస్థ అప్పుడు తెలుగువాళ్లను 'జ్ఞానం' అని రాయొద్దని అనలేదు. ఆ అక్షరాన్ని తెర మీద పరిచే తన సాఫ్ట్‌వేర్‌నే ఫిబ్రవరి 19న సరిచేసుకుంది. వచ్చిన మాటను నిషేధించడం కాదు, దాన్ని చదివేవాడికి చదవడం నేర్పడమే సరైన దారి. చుక్కను నిషేధించే పేజీల వాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

నష్టం జరిగితే ఎవరిది బాధ్యత? 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ఈ విషయంలో స్పష్టంగా ఉంది. లోపం బ్యాంకుదైతే ఖాతాదారుపై పైసా భారం పడకూడదు, అతను ఫిర్యాదు చేసినా చేయకున్నా. తప్పు ఖాతాదారుదేనని నిరూపించే బాధ్యత కూడా బ్యాంకుదే అంది. కాగితం మీద ఇది గొప్ప రక్షణ. కానీ ఎక్స్‌ఎస్‌ఎస్ దాడి మీ లాగిన్‌తో, మీ కంప్యూటర్ నుంచే జరుగుతుంది. రికార్డుల్లో అన్నీ మీరు చేసినట్టే ఉంటాయి. 'మీరే ఎవరికో చెప్పి ఉంటారు' అన్న మాట కౌంటర్ అవతలి నుంచి ఎంత తేలిగ్గా వస్తుందో పడినవాళ్లకే తెలుసు. దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లో తమకు చెప్పాలని కేంద్రానికి చెందిన సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. అది ప్రభుత్వానికి చెప్పడం, మీకు కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, తగిన భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చంది. దాని నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి, భద్రత బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. బాధితులకు కూడా సమాచారం ఇవ్వాలని ఈ చట్టంలో ఉంది. అసలు కిటుకంతా అక్కడే, ఎందుకంటే దాడి జరిగిందని తెలియని మనిషి బ్యాంకుతో దేని గురించి వాదించగలడు?

లోపాన్ని కనిపెట్టి మర్యాదగా చెప్పేవాడి గతి కూడా చూడాలి. ఫేస్‌బుక్ వంటి కంపెనీలు అలాంటివారికి డబ్బిస్తాయి. 2011లో ఫేస్‌బుక్ మొదలుపెట్టిన పథకంలో మన కుర్రాళ్లు ముందు వరసలో ఉంటూ వచ్చారు. అదే కుర్రాడు స్వదేశంలో ఓ ఆఫీసుకి 'మీ సైట్‌లో తలుపు తెరిచి ఉంది' అని రాస్తే, అనుమతి లేకుండా తలుపెందుకు తట్టావని ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు చూపించే వీలుంది. మూడేళ్ల దాకా జైలు. చెప్పడం కన్నా ఊరుకోవడం మేలని తెలివైనవాడికి అనిపిస్తే ఆశ్చర్యమేముంది?

పాఠకుడు చేయగలిగింది కొద్దిగానే ఉంది. బ్యాంకు పనికి విడిగా ఒక బ్రౌజర్ ఉంచుకోవడం, పని కాగానే కిటికీ మూసి ఊరుకోకుండా లాగౌట్ అవడం (టోకెన్ చెల్లకుండా పోతుంది), బ్రౌజర్‌ను ఎప్పటికప్పుడు తాజా పరుచుకోవడం. ఇంతకు మించి మీ చేతుల్లో లేదు, ఉందని చెప్పేవాళ్లను నమ్మకండి.

చేతుల్లో ఉన్నవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లలో చాలామంది మన ఇళ్లలోనే ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకో కోడలో లేని వీధి హైదరాబాద్‌లోనే కాదు, గుంటూరులోనూ దొరకదు. కొత్త పేజీ తయారుచేశాక 'నొక్కితే పనిచేస్తోందా' అని పరీక్షిస్తారు. పేరు రాసే చోట కోణం గుర్తు పెట్టి చూశారా అని అడిగితే చాలామంది తడుముకుంటారు. అమెరికాలోని మైటర్ సంస్థ 2024లో విడుదల చేసిన అత్యంత ప్రమాదకర సాఫ్ట్‌వేర్ లోపాల జాబితాలో మొదటి స్థానం ఎక్స్‌ఎస్‌ఎస్‌దే మరి.

ప్రభుత్వ సైట్లకు సెర్ట్-ఇన్ గుర్తింపు పొందిన ఆడిటర్ నుంచి భద్రతా సర్టిఫికెట్ తీసుకునే నియమం ఉంది. మంచి నియమం. ట్విట్టర్ అనుభవం గుర్తుంటే మాత్రం ఆ కాగితం చూసి నిశ్చింతగా ఉండలేం. ఆడిట్ ఒక తేదీన జరుగుతుంది. ఆ తర్వాతి వారం మంత్రిగారి కొత్త పథకానికి దరఖాస్తు పేజీ కావాలంటారు. రెండు రోజుల్లో కావాలంటారు. కాంట్రాక్టర్ దగ్గర పనిచేసే కుర్రాడు రాత్రి కూర్చుని పూర్తి చేస్తాడు. సర్టిఫికెట్ మీది తేదీ, సైట్‌ను చివరిసారి మార్చిన తేదీ, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపించమని సమాచార హక్కు కింద అడగడానికి 10 రూపాయల ఫీజు చాలు.